అన్నం మీద అవిశ్వాసం

నెల్లు అంటే వరి, అందుకే మనది నెల్లూరు అయిందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అలాంటి జిల్లాలో పదిహేనేళ్ళ పిల్ల పంక్తిలో కూర్చుని "అన్నం చాలు" అనడం శాంతిభద్రతల సమస్య. ఆ పిల్ల నా మేనకోడలే కావడంతో సాక్షిగా ఈ నాలుగు ముక్కలు రాయక తప్పడం లేదు.

కోవూరులో పెళ్ళి మర్నాటి భోజనాలు. వడ్డించే అతను అన్నం గుట్ట పోయబోతుంటే పిల్ల సంచిలోంచి అరచేతంత కాటా తీసింది. గిన్నె పెట్టి, సున్నా చేసి, సరిగ్గా 100 గ్రాములు వేయించుకుంది. "ఇందులో 28 గ్రాముల కార్బ్స్, అంటే ఒంట్లో చక్కెరయ్యే పిండిపదార్థం మామా, పప్పుతో కలిపి 35 అనుకో" అంటూ ఇన్సులిన్ పెన్ను మూడున్నర యూనిట్లకి తిప్పి పొట్ట పక్కన పొడుచుకుంది. చేపల పులుసు మాత్రం ధైర్యంగా రెండోసారి వేయించుకుంది.

వెంటనే ఉన్నత స్థాయి కమిటీ ఏర్పడింది. సభ్యత్వానికి అర్హత ఒక్కటే, ఇంట్లో ఎవరికో ఒకరికి షుగర్ ఉండాలి. "ఎదిగే పిల్లవి, ఈ పిడికెడు మెతుకులతో ఎట్టమే?" అని పెద్దత్త కొసరు వడ్డించింది. పెదనాయన అంతకంటే ఆధునికుడు, వాట్సాప్‌లో చదువుకున్నాడు. "అసలు అన్నమే మానెయ్. సూదీ అక్కర్లేదు. మా బావమరిదికి అట్నే తగ్గింది."

బావమరిదికి 58 ఏళ్ళు, టైప్ 2, అంటే ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా సరిగ్గా పనిచేయని రకం. ఈ పిల్లకి టైప్ 1, ఒంట్లో ఇన్సులిన్ తయారీయే లేదు. మెతుకు ముట్టకపోయినా లివర్ చక్కెర వదులుతూనే ఉంటుంది. సూది ఆపితే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ఆసుపత్రే గతి. పెదనాయన పథకం కొత్తదేం కాదు. ఇన్సులిన్ రాకముందు డాక్టర్లు పిల్లల్ని దాదాపు పస్తులుంచేవారు. ఎముకల గూడై పోయేవారు పాపం. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటి సూది పడ్డాక ఆ పథకం అటకెక్కింది. కోవూరులో ఇప్పుడు దించారు.

ఆయనకీ ఆధారం ఉందండోయ్. 2018లో ఒక అధ్యయనం వచ్చింది. రోజుకి సగటున 36 గ్రాముల కార్బ్స్ మాత్రమే తినే 316 మంది టైప్ 1 వాళ్ళ హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల షుగర్ తీరు చెప్పే రక్తపరీక్ష, సగటు 5.67 శాతం. గొప్ప అంకె! కానీ అదంతా వాళ్ళకి వాళ్ళు చెప్పుకున్న తిండి లెక్క. వాళ్ళూ ఇన్సులిన్ వాడేవాళ్ళే. ఎదిగే పిల్లలకి ఇంత గట్టి పథ్యం పెడితే ఎదుగుదల ఏమవుతుందో, షుగర్ ఎంత పడిపోతుందో అని నిపుణులు జంకుతారు. ఆ ముక్కలు ఫార్వర్డ్‌లో రాలేదు.

సాయంత్రం పిల్లలు డాన్సులేసి వచ్చారు. మా పిల్లకి చేతులు వణికాయి, మీటర్లో షుగర్ 62కి పడిపోయింది. సంచిలో జ్యూస్ డబ్బా తీసేసరికి పెదనాయన లాక్కున్నాడు. "షుగర్ పిల్లకి చక్కెర నీళ్ళా!" పిల్ల మాట్లాడలేదు, డబ్బా తిరిగి లాక్కుని తాగేసింది. పావుగంటలో 94.

"తాతా, మీదీ ఒకసారి చూద్దామా?" అంది సూది మారుస్తూ.

రెండో మలై కాజా నోట్లో పెట్టుకోబోతున్న పెదనాయన వేలు వెనక్కి లాక్కున్నాడు. "నాకెందుకమ్మా, నాది నార్మలే."