640 డాలర్లు రైతు దగ్గరెక్కడివి?
1785 నాటి అమెరికా భూచట్టం వల్ల ఒహాయో నేల వెంటనే చిన్న రైతుకు దక్కిందని ఒక వ్యాసంలో రాశారు. అలా జరగలేదండీ. ఆ చట్టం నేలను టౌన్‌షిప్‌లుగా విడగొట్టింది. టౌన్‌షిప్ అంటే పక్కకు 6 మైళ్ల చదరం, అందులో 36 సెక్షన్లు. 16వది బడికి వదిలారు, అది మాత్రం గొప్ప పని. కానీ కనీసం ఒక సెక్షన్, అంటే 640 ఎకరాలు కొనాలి. ఎకరం డాలరు. అంత సొమ్ము వ్యాపారుల దగ్గరే ఉండేది. 1800లో 320 ఎకరాలకు తగ్గించి వాయిదాలిచ్చారు, ధరేమో ఎకరం 2 డాలర్లు. బాకీలు పేరుకుపోయాయి. 1820లో వాయిదాలు ఎత్తేసి, ఎకరం 1.25 డాలర్ల చొప్పున 80 ఎకరాలైనా అమ్మారు. అప్పుడు 100 డాలర్ల రొక్కంతో పొలం వచ్చేది.

ఆ నేలను కొలిచింది 66 అడుగుల గొలుసుతో. పక్కకు ఒక గొలుసు ఉన్న చదరం మన పొలాల లెక్కలో సరిగ్గా 10 సెంట్లు! ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడి టౌన్‌షిప్ సరిగ్గా చదరంగా కుదరదు. 1800 చట్టం ఆ హెచ్చుతగ్గుల్ని టౌన్‌షిప్‌లోని ఉత్తర, పడమటి అంచు సెక్షన్లకు తోసింది.