పద్దు పగటిది, కరెంటు రాత్రిది

పెరంబూరులోని రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో హైడ్రోజన్ కోచ్ పరీక్ష విజయవంతమైందని 2025 జూలైలో రైల్వే మంత్రి ప్రకటించినప్పుడు చెన్నై సంబరపడింది. పడాలి కూడా. సెప్టెంబరులో తూత్తుకుడి రేవు హరిత హైడ్రోజన్‌తో వీధి దీపాలు వెలిగించింది. ఇక అక్కణ్నుంచి ఎక్కడ విన్నా ఒకటే పాట: సున్నా ఉద్గారాలు, కర్బన రహితం, నీటి ఆవిరి తప్ప పొగే లేదు. గొట్టం చివర పొగ లేని మాట నిజమే. గొట్టం మొదట్లో ఏముందో చెప్పకుండానే ఆకుపచ్చ ముద్ర కొట్టేయడం మీదే మా అభ్యంతరం.

కిలో హైడ్రోజన్ తీయడానికి, కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రం ఎలక్ట్రోలైజర్ సుమారు 55 యూనిట్ల కరెంటు తాగుతుంది. మన గ్రిడ్‌లో ఒక్కో యూనిట్ వెనుక సగటున 0.7 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ ఉంది. గుణిస్తే కిలో హైడ్రోజన్‌కు దాదాపు 39 కిలోలు. సహజవాయువు నుంచి తీసే పాత రకానికి అది 10 కిలోల దరిదాపు. అంటే గ్రిడ్ కరెంటుతో తీసిన కొత్త సరుకు, వద్దు వద్దంటున్న పాత సరుకు కంటే నాలుగింతలు మురికి. కేంద్రం 2023 ఆగస్టులో పెట్టిన ప్రమాణం ప్రకారం కిలోకు 2 కిలోలు దాటితే అది హరిత హైడ్రోజన్ కాదు. గట్టి కంచే. 55 యూనిట్లలో మూడు యూనిట్లు గ్రిడ్‌వి కలిసినా హద్దు దాటినట్టే. కానీ అదే నిర్వచనంలో గేటు కూడా తెరిచిపెట్టారు. గ్రిడ్‌లో ‘బ్యాంకింగ్’ చేసిన పునరుత్పాదక కరెంటూ పునరుత్పాదకమేనట. ఉద్గారాల సగటేమో 12 నెలలకు తీస్తారట.

బ్యాంకింగ్ అంటే ఇదీ: మధ్యాహ్నం రామనాథపురం సౌర ఫలకాలు గ్రిడ్‌కిచ్చిన యూనిట్లు జమ, అర్ధరాత్రి ఎలక్ట్రోలైజర్ లాగిన యూనిట్లు ఖర్చు. పుస్తకంలో సరిపోయింది. కరెంటేమైనా వడ్లా, గాదెలో పోసి కావలసినప్పుడు తీసుకోవడానికి? మధ్యాహ్నం ఇచ్చింది ఆ క్షణమే ఎవరి ఏసీలోనో ఖర్చయిపోయింది. గాలి పడిపోయిన రాత్రి వచ్చే కరెంటులో ఎక్కువ భాగం, ఒడిశాలోని తాల్చేరు నుంచి పారాదీప్ రేవు మీదుగా ఓడల్లో చెన్నై పక్కనున్న ఎన్నూరు చేరేలాంటి బొగ్గు కాలిస్తే వచ్చేదే. ఆడి నెల (జూలై–ఆగస్టు) గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని ఇక్కడి సామెత. ఆ గాలి మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, ఉండదు. పాత గాలిమరల యూనిట్లను ఏడాది పొడవునా దాచుకోనిచ్చిన రాష్ట్రం ఇది, ఇలాంటి పద్దుల మహిమ మనకు తెలియనిదేం కాదు.

రాత్రి ఆపేస్తే పోలేదా? అక్కడే ఉంది చిక్కు. ఆల్కలైన్ రకం ఎలక్ట్రోలైజర్‌లో సుమారు 30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం 80 డిగ్రీల వేడిలో తిరుగుతుంటుంది. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పల్చటి తెర. హైడ్రోజన్ కొద్దికొద్దిగా ఆ తెర దాటి ఆక్సిజన్ వైపు చేరుతూనే ఉంటుంది. లోడు నిండుగా ఉంటే ఆక్సిజన్ బోలెడంత తయారవుతుంది కాబట్టి ఆ కాస్త లెక్కలోకి రాదు. మబ్బు పట్టి లోడు పదో వంతుకు పడితే ఆక్సిజన్ తగ్గిపోతుంది, తెర దాటే హైడ్రోజన్ మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. ఆక్సిజన్‌లో హైడ్రోజన్ 4 శాతానికి చేరిందంటే పేలే మిశ్రమం. అందుకే 2 శాతం దగ్గరే యంత్రం ట్రిప్ అయ్యేలా పెడతారు, లోడును 15–20 శాతం కంటే కిందికి దించరు. పూర్తిగా ఆపితే ఇంకో బాధ. లోపల మిగిలిన వాయువులతో సెల్ తానే బ్యాటరీలా మారి ఎదురు కరెంటు నడుపుతుంది, నికెల్ ఎలక్ట్రోడ్లు దెబ్బతింటాయి. రోజూ సాయంత్రం ఆపి పొద్దున నడిపితే స్టాక్ (సెల్‌ల దొంతర) ఆయుష్షు తరుగుతుంది. ద్రావణానికి బదులు పాలిమర్ పొర వాడే పీఈఎం రకం ఎగుడుదిగుళ్లను బాగానే తట్టుకుంటుంది గానీ దానికి ఇరిడియం అనే అరుదైన లోహం కావాలి. ప్రపంచమంతా కలిపి ఏడాదికి దొరికేది 7–8 టన్నులు. కోట్లు పోసి కొన్న యంత్రం రోజుకు ఐదారు గంటలే తిరిగితే వడ్డీ కూడా రాదు. అందుకని రాత్రీ నడపాలనుకుంటారు. దానికి పగటి పద్దు కావాలి.

ఐసీఎఫ్ కోచ్ వెళ్లే హర్యానాలోని జింద్–సోనీపత్ మార్గాన్నే చూడండి. జింద్‌లో ఒక మెగావాట్ పీఈఎం ఎలక్ట్రోలైజర్, రోజుకు 430 కిలోల ఉత్పత్తి అని చెప్పారు. 430ని 55తో హెచ్చిస్తే 23,650 యూనిట్లు. ఒక మెగావాట్ యంత్రం 24 గంటలూ తిరిగితే తాగేది 24,000. అంటే రాత్రంతా కునుకు లేకుండా నడవాలి. ఒక మెగావాట్ సౌర ఫలకాలతోనే నడిపితే దక్కేది మహా అయితే 90 కిలోలు. మిగతా 340 కిలోలకు కావలసిన కరెంటు ఏ గంటలో, ఎక్కడి నుంచి వస్తుందో గంటలవారీగా రైల్వే చెప్పాలి. బ్రాడ్‌గేజ్‌లో 98 శాతానికి పైగా విద్యుత్ తీగ లాగేశామని చాటుకునేదీ ఈ రైల్వేనే. తీగ నుంచి నేరుగా నడిచే రైలు చక్రాలకు నూటికి 75 యూనిట్లకు తక్కువ కాకుండా అందుతాయి. హైడ్రోజన్‌గా మార్చి, 350 బార్ ఒత్తిడి దాకా అదిమి, ఫ్యూయల్ సెల్‌లో మళ్లీ కరెంటు చేస్తే 30 మిగలడమే గొప్ప. నీలగిరి లాంటి కొండ దారిలో తీగ కష్టమంటే అర్థం చేసుకుంటాం.

తూత్తుకుడి దీపాల సంగతి ఇంకా విడ్డూరం. 3.87 కోట్ల రూపాయలతో గంటకు 10 ఘనపు మీటర్ల ప్లాంటు. అంటే గంటకు దాదాపు 0.9 కిలో, లోపలికి పోయేది సుమారు 50 యూనిట్లు. దాన్ని మళ్లీ కరెంటుగా మార్చి వీధి దీపాలకు, బండ్ల చార్జింగుకు ఇస్తే చేతికొచ్చేది 15. అదే 50 యూనిట్లు బ్యాటరీలో పోస్తే 43 తిరిగొచ్చేవి. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడం ఇదే, అదీ మూడింట రెండు వంతులు దారిలో పారబోసుకుంటూ. దీనికీ ఆకుపచ్చ ముద్రే!

హైడ్రోజన్ కోసం నీళ్లన్నీ తోడేస్తారని జరిగే గొడవ మాత్రం కాస్త అతి అనే మా అభిప్రాయం. కిలోకు 9 లీటర్ల శుద్ధ జలం. జింద్ ప్లాంటంతటి దానికి ఆర్వో వృథా, కూలింగ్ కలిపినా రోజుకు 12,000 లీటర్ల లారీ ఒక్కటి చాలు. ఆ గొంతేదో కరెంటు గురించి ఎత్తితే బాగుండు.

నిజంగా హైడ్రోజన్ తప్ప దిక్కు లేని చోటు మన ఊళ్లోనే ఉంది. మణలిలో రిఫైనరీకి డీజిల్‌లోంచి గంధకం తీయడానికి అదే కావాలి, పక్కనున్న ఎరువుల కర్మాగారానికి అమ్మోనియాకూ అదే కావాలి. టన్ను అమ్మోనియాకు దాదాపు 177 కిలోల హైడ్రోజన్. అక్కడ తీగ లాగితే పని జరగదు. 2025లో ఎరువుల కోసం జరిగిన తొలి హరిత అమ్మోనియా వేలంలో కిలో ధర 55.75 రూపాయలకు దిగింది కూడా. ప్రచారం మాత్రం దీపాలకు, రైళ్లకు.

మొదట్లో సౌర విద్యుత్తూ ఖరీదే, ప్రయోగాలు చేయందే పాఠాలు రావు, నిబంధనలు బిగిస్తే పెట్టుబడులు బెదురుతాయి అంటున్నారు. ప్రయోగాలు చేయండి, కాదనలేదు. ప్రయోగానికి ముందే ముద్ర ఎందుకు? 19,744 కోట్ల ప్రజాధనం కేటాయించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ ఇది. ఇవాళ హైడ్రోజన్‌కు కాకి లెక్క చెల్లిందంటే రేపు ఉక్కు, సిమెంటు, డేటా సెంటర్లు అదే లెక్క పట్టుకుని వరుసలో నిలబడతాయి. పగటి ఎండ చూపించి రాత్రి బొగ్గుకు పచ్చ రంగు పూయమంటాయి.

యూరప్ ఈ గేటు మూయడానికి గడువు పెట్టేసింది. 2030 నుంచి ఏ గంటలో హైడ్రోజన్ తీస్తే ఆ గంటలోనే పునరుత్పాదక కరెంటు పుట్టాలి. తూత్తుకుడి హబ్ నుంచి యూరప్‌కు ఎగుమతి చేసేవారు ఆ నియమానికి తలొగ్గక తప్పదు. పరాయివాడికి గంటల తక్కెడ, మన ఇంటికి నెలల తక్కెడ! గంటలవారీ లెక్క మన దేశంలో సాధ్యం కాదన్న సాకు చెల్లదు. ఓపెన్ యాక్సెస్‌లో, అంటే తనకు నచ్చిన ఉత్పత్తిదారు నుంచి, కరెంటు కొనే ప్రతి పెద్ద వినియోగదారు దగ్గరా పావుగంట వాడకాన్ని విడివిడిగా కొలిచే ఏబీటీ మీటరు ఉంటుంది. 15 నిమిషాలకొక రీడింగు, రోజుకు 96. గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ కేంద్రానికి అవి చేరుతూనే ఉన్నాయి, బిల్లులు వేసేదే వాటితో. డబ్బు దగ్గర పావుగంట లెక్క తెలిసినవారికి మసి దగ్గరకొచ్చేసరికి ఏడాది సగటు గుర్తొస్తుంది. ఎన్నూరులో డాబా మీద ఆరేసిన బట్టల నుంచి బూడిద దులుపుకుంటున్న ఇల్లాలికి కర్బన రహితమని పోస్టరు చూపించేముందు, ఆ 96 అంకెలు బయట పెట్టండి.