ముందు ఫిజిక్సా, బయాలజీనా?

కావలిలో ఓ ఇంటి వరండా. బాబాయి చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్న లెక్చరర్. అమ్మాయి రెండోసారి నీట్‌కి చదువుతోంది.

బాబాయి: ముందు ఫిజిక్సే పట్టుకోవాలమ్మా. బుర్ర తాజాగా ఉన్నప్పుడే కష్టమైనది తెమిలిపోతే మిగతాది నల్లేరు మీద నడక.

అమ్మాయి: 2025 మే 4న నెల్లూరు సెంటర్లో నేను చేసింది అదే బాబాయ్. గంటన్నర ఫిజిక్సే తినేసింది. వచ్చిన బయాలజీ ప్రశ్నలు కూడా చదవకుండానే పేపరిచ్చి వచ్చాను.

బాబాయి: సగంలో వదిలేస్తే మాత్రం లాభమా? తిరిగొచ్చి లెక్క మళ్లీ మొదటి నుంచి చదవాలి. ఒకే లెక్కకి రెండుసార్లు టైమ్ పెట్టినట్టే.

అమ్మాయి: అది నిజం. అందుకే సగం దాకా వెళ్లొద్దంటున్నా. దారి అరనిమిషంలో తట్టకపోతే గుర్తు పెట్టి దాటేయాలి. మీరు చెప్పే పద్ధతి పాత పేపరుకి సరిపోయింది బాబాయ్. 2022 నుంచి 2024 దాకా 180 జవాబులకి 200 నిమిషాలు. సెక్షన్ బీలో పదిహేను ప్రశ్నల్లో పది ఏరుకోవచ్చు. 2025లో ఆ రెండూ పోయాయి. 180 ప్రశ్నలకి 180 నిమిషాలే. ఓఎంఆర్ జవాబు పత్రంలో ఒక్కో గడి దిద్దడానికి ఐదు సెకన్లనుకున్నా పావుగంట దానికే పోతుంది. బయాలజీ 90 ప్రశ్నలు, 360 మార్కులు, అంటే సగం పేపరు. చదివి ఉంటే చాలావాటికి చూడగానే జవాబు తెలుస్తుంది. దిద్దడంతో సహా దానికి 50 నిమిషాలు, కెమిస్ట్రీకి 45, ఫిజిక్స్‌కి 70. వదిలేసినవాటికి ఇంకో 15 మిగులుతాయి. తెలియనిది వదిలేస్తే మార్కు రాదు, అంతే. తప్పు పెడితే ఉన్నదాంట్లోంచి ఒకటి పోతుంది.

బాబాయి: ఆలోచించకుండా దాటేయడం అలవాటైతే రేపు డాక్టరువై ఏం చేస్తావమ్మా?

అమ్మాయి: ఆలోచించడం ఇంట్లో, నోట్‌బుక్ ముందు. హాల్లో కాదు.

బాబాయి: ఇంట్లో అంటున్నావు కదా, మాక్ టెస్టులు తెల్లారుజామున ఐదింటికి రాస్తున్నావేం? పరీక్ష మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా. మే నెల ఎండలో, అన్నం తిన్నాక.

అమ్మాయి: పగలు ఇంట్లో టీవీ గోల. పెరుగన్నం తింటే నిద్ర కూడా ఆగదు.

బాబాయి: ఆ నిద్ర పరీక్ష రోజు మాత్రం రాదా? పైగా చేతికి వాచీ చూసుకుంటూ రాస్తున్నావు. అక్కడ వాచీ కట్టుకోనివ్వరు. గోడ గడియారం చూసుకోవాల్సిందే.

అమ్మాయి: ...ఇది నేను ఆలోచించలేదు బాబాయ్.

బాబాయి: రేపు రెండింటికి మా ఇంటికి రా. టీవీ ఉండదు. పేపరు నేనిస్తా.

అమ్మాయి: బయాలజీతోనే మొదలుపెడతా.

బాబాయి: పెట్టు. ఫిజిక్స్‌కి డెబ్బై నిమిషాలు మిగలకపోతే అప్పుడు మాట్లాడతా.