టోంగా రాజు నిజంగా బొమ్మేనా? తరచూ వినిపించే మూడు మాటలకు ఖండన

పసిఫిక్‌లోని టోంగా గురించి మనవాళ్లు ఎక్కువగా షేర్ చేసుకునే మాటలు మూడు: ఆ రాజ్యం ఏ విదేశానికీ తలవంచలేదు. నేలంతా రాజుదే, ప్రజలకు ఏ హక్కూ లేదు. 2010లో రాజు అధికారాలన్నీ వదిలేసి బొమ్మగా మిగిలాడు.

మొదటిది సగమే నిజం. టోంగా వలసరాజ్యం కాలేదు. 1875లో రాజు మొదటి జార్జి టుపౌ రాజ్యాంగం ఇచ్చాడు, జర్మనీ, బ్రిటన్, అమెరికాలతో వరసగా ఒప్పందాలు చేసుకున్నాడు. ఇంత గుర్తింపు ఉన్న ప్రభుత్వాన్ని కాదని జెండా పాతడం ఎవరికైనా కష్టమే. కానీ 1900 మే 18 నాటి ఒప్పందంతో విదేశీ వ్యవహారాలు బ్రిటన్ చేతికి వెళ్లాయి. 1905లో ఆర్థిక వ్యవహారాల్లోనూ బ్రిటిష్ ప్రతినిధి సలహా తప్పనిసరైంది. 1970 జూన్ 4 దాకా టోంగా బ్రిటిష్ రక్షిత రాజ్యమే.

రెండోది మరీ అన్యాయం. నేల రాజ్యానిదే, అమ్మకం నిషిద్ధం, అంతవరకు సరే. అయితే 16 ఏళ్లు నిండిన ప్రతి మగవాడికీ సాగుకు 8.25 ఎకరాల 'అపి' (కమతం), ఊళ్లో ఇంటి స్థలం అడిగే హక్కును చట్టమే ఇచ్చింది. రిజిస్టరైన అపి వారసత్వంగా పెద్దకొడుక్కి వెళ్తుంది, లీజుకూ ఇవ్వొచ్చు. అసలు చిక్కు లెక్కలో ఉంది. దేశం మొత్తం సుమారు 750 చదరపు కిలోమీటర్లు, అంటే లక్షా 85 వేల ఎకరాలు. కొండా బండా అన్నీ కలిపి కొలిచినా 22 వేల చిల్లర అపిలే వస్తాయి. జనాభా చూస్తే లక్ష! పైగా చాలా నేల వంశపారంపర్య ప్రభువుల (నోబుల్స్) ఎస్టేట్లలో ఉంది, అక్కడ దరఖాస్తు కదలాలంటే వాళ్ల మాట కావాలి. ఆడవాళ్లకు ఈ హక్కే లేదు. భర్త పోయినామెకు, మళ్లీ పెళ్లి చేసుకోనంత కాలం అనుభవ హక్కు మాత్రం ఉంటుంది. విమర్శించాల్సింది ఇక్కడ.

మూడోదానికి జవాబు శాసనసభ కూర్పులో, రాజు దగ్గర మిగిలిన అధికారాల్లో ఉంది. 26 సీట్లలో 17 ప్రజలు ఎన్నుకుంటారు, 9 ప్రభువులు తమలో తాము ఎన్నుకుంటారు. ప్రధానికి కావాల్సింది 14. అంటే ప్రభువులంతా ఒక్కటిగా నిలిస్తే అయిదుగురు ప్రజా ప్రతినిధులు తోడైతే చాలు. 2010లో జరిగిందదే: ప్రజాస్వామ్య ఉద్యమ నేత అకిలిసి పొహివా పక్షం 17లో 12 గెలిచింది, ప్రధాని పదవి మాత్రం 14–12తో ప్రభువుల్లో ఒకరైన లార్డ్ టుయివాకానోకు దక్కింది. అప్పటి రాజు ఐదో జార్జి టుపౌ వదులుకున్నది రోజువారీ పాలన మాత్రమే. రాజు ఆమోదం లేనిదే నేటికీ బిల్లు చట్టం కాదు, జడ్జీల నియామకం ప్రీవీ కౌన్సిల్లో (రాజు సలహా మండలి) రాజు చేతిలోనే ఉంది. 2014 చివర్లో పొహివా ప్రధాని అయ్యాక, 2017 ఆగస్టులో తర్వాతి రాజు ఆరో టుపౌ సభనే రద్దు చేశాడు. నవంబరు ఎన్నికల్లో పొహివా పక్షం 14 సీట్లతో తిరిగొచ్చింది. సభను రద్దు చేసే ఆ అధికారం మాత్రం రాజు దగ్గరే ఉండిపోయింది.