మోడల్ ఎం కీబోర్డు పాత కేసుకు పదవీ విరమణ ఉత్తర్వు

మహారాజశ్రీ ఐబీఎం వారి మోడల్ ఎం కీబోర్డు ప్లాస్టిక్ కేసు (బయటి తొడుగు) గారికి,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని మాకు తెలుసు. 1987లో అచ్చులోంచి బయటపడ్డ నాటి నుంచీ తమరికి క్షేమం తప్ప మరొకటి లేదు. మా బాధంతా అదే. ఒక మూల చిట్లినా, కింద ఒక కాలు విరిగినా, "ఇక తప్పదు" అని నలుగురికీ చెప్పుకుని కొత్త కేసు డిజైన్ చేసుకునేవాణ్ని. తమరు ఆపాటి మర్యాద కూడా పాటించలేదు.

తమరి అడుగున అంటించిన చీటీ పరిశీలించాం. పార్టు నంబరు 1391401, పక్కన తయారైన తేదీ. ఆ లెక్కన తమరి సర్వీసు నలభై ఏళ్లకు దగ్గర పడింది. ప్రభుత్వోద్యోగులు ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61 ఏళ్ల దాకా ఉంటున్నారు కదా అని తమరు వాదించవచ్చు. అది వయసు, ఇది సర్వీసు. పైగా తమరితో పాటు బల్ల మీద కొలువుదీరిన మానిటరూ, ఫ్లాపీ డ్రైవూ ఏనాడో పెద్దమనిషి తరహాగా పాత సామాన్ల బండి ఎక్కాయి.

ఇక అభియోగాలు. తమరి వెడల్పు 49 సెంటీమీటర్లు. తమరు ఆసీనులైతే మౌసు బల్ల అంచున వేలాడుతోంది. కాబట్టి కొత్త కేసు ఒద్దికగా ఉండాలని నిర్ణయించాం. ఇందులో ఒక చిన్న చిక్కుంది. మీటలు నూటొకటి. ఒక మీట నడిమధ్య నుంచి పక్క మీట నడిమధ్యకు 19.05 మిల్లీమీటర్లు. ఎడమ చివర నుంచి కుడివైపు అంకెల మీటల దాకా కలుపుకుంటే దాదాపు 43 సెంటీమీటర్లు అక్కడే అయిపోతాయి. చుట్టూ గోడలకూ స్క్రూలకూ చోటు వదిలితే 45 దాటుతుంది. ఇంత యజ్ఞం చేశాక మౌసుకు దక్కేది రెండు వేళ్ల జాగా. అయినా, హక్కు హక్కే.

రెండోది బరువు. రెండు కిలోల పైచిలుకు. అందులో చాలా భాగం లోపలున్న ఉక్కు రేకు వగైరాలదే అయినా, బయటికి కనిపించేది తమరు గనుక నేరం తమరి మీదే రాశాం. బరువు తగ్గించాలనే సంకల్పంతో మొదలుపెట్టి, చివరికి అల్యూమినియం దిమ్మను చెక్కించాలనే తీర్మానానికి వచ్చాం. కీబోర్డులకు సొంతంగా కేసులు చేయించుకునే సరదా ఉన్నవాళ్లలో కీబోర్డు ఎంత బరువైతే అంత పరువు. అడుగున ఇత్తడి పలక బిగించేవాళ్లూ ఉన్నారు, మేమూ బిగిస్తాం. అంతా కలిపి నాలుగు కిలోలు దాటినా ఆశ్చర్యం లేదు. తమరి బరువు నేరం, దాని బరువు హోదా.

మూడోది తమరి మొండితనం. వెనక అంచున నాలుగు స్క్రూలు. ఆరు పలకల తల, 5.5 మిల్లీమీటర్లు. ఆ కొలత పానా ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతుంది. కానీ తమరు ఆ స్క్రూలను సన్నటి లోతైన గుంతల్లో దాచుకున్నారు. పానా మూతి సగం దాకా దిగి, దాని గోడ మందం వల్ల అక్కడే ఇరుక్కుంటుంది. పలచటి గోడ ఉన్న పానా వెతికి తెప్పించుకోవాలి. లోపలికి రావద్దని ఇంత మౌనంగా, ఇంత గట్టిగా చెప్పిన వస్తువును మేము ఇంకొకటి చూడలేదు.

లోపలికి వెళ్లాక అసలు కథ మొదలైంది. మామూలు కీబోర్డుల్లో మీటల కింది రేకు చదునుగా ఉంటుంది. ఒక్కో వరస మీటలను ఒక్కో ఎత్తులో, ఒక్కో వాలులో చేసి వంపు తెస్తారు. తమరి కడుపులో ఉన్న రేకే వంగి ఉంది. మీటలన్నీ ఒకే వాలువి, వంపంతా ఉక్కుది. ఎంత చక్కటి ఆలోచనో! కేసు డిజైన్ చేసేవాడి పాలిట అంత శాపం. వెర్నియర్ కాలిపర్స్ పొడవు కొలుస్తుంది, మందం కొలుస్తుంది, వంపు దగ్గరికొచ్చేసరికి నోరు తెరుచుకుని నిలబడుతుంది. రేకును పక్కకు నిలబెట్టి, కాగితం మీద పెన్సిలుతో అంచు గీసి, దాన్ని స్కాన్ చేసి కంప్యూటర్‌లో గీతను సరిచేసుకోవాలి. లేజర్‌తో కోసిన 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ పలకలు పేరిస్తే వంపు రాదు, మెట్లు వస్తాయి. త్రీడీ ప్రింటర్‌లో తీద్దామంటే ఇళ్లలో ఉండే చాలావాటి పీట 22 నుంచి 25 సెంటీమీటర్లే. ముక్కలు చేసి అతకాలి. అతికినా, ఈ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇక మూసిన కారులో దీని గతి వేరే చెప్పాలా?

అందుకే డ్రాయింగు పట్టుకుని హైదరాబాద్ బాలానగర్‌లో ఒక వర్క్‌షాపుకు వెళ్లాం. మేస్త్రీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఏ మిషను పార్టు సార్?"

"కీబోర్డుకు కేసు."

"పాతది పగిలిందా?"

"లేదు."

"పోయిందా?"

"లేదు, ఇంట్లో ఉంది."

కాసేపు నా మొహం చూసి, "ఎన్ని పీసులు?" అన్నాడు. ఒకటే అన్నాను. ఆ తరువాత అతను చెప్పిన ధర ఇక్కడ రాయను. తమరు నవ్వుతారు. తమరిని చేసినవాళ్లు ఉక్కు అచ్చు ఒకసారి చెక్కించి, అందులోకి కరిగిన ప్లాస్టిక్ నెట్టి, లక్షల్లో తీశారు. బ్యాంకుల్లో, బీమా ఆఫీసుల్లో పొద్దంతా వేళ్లు ఆడించేవాళ్ల కోసం తీశారు. మాది ఒక్కటే ఉంటుంది, దాని ముందు ఎవరూ పొద్దంతా కూర్చోరు. ఫొటో తీస్తారు. టకటక శబ్దం వినిపించడానికి అర్థం లేని వాక్యం ఒకటి టైపు చేస్తారు.

కొత్తదే కొనుక్కోవచ్చుగా అనేవాళ్లూ ఉన్నారు. ఐబీఎం 1991లో ఈ కీబోర్డుల వ్యాపారాన్ని లెక్స్‌మార్క్‌గా వేరు చేసింది. 1996 నుంచి కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో యూనికాంప్ అనే కంపెనీ, మీట నొక్కగానే టక్కుమని వంగే అవే స్ప్రింగులతో వీటిని చేస్తోంది. దొరికేదాన్ని కొంటే ఇక డిజైనర్ అని ఎలా అనిపించుకుంటాం?

తమరి పక్షాన ఒక సాక్ష్యం ఉందని విన్నాం, దాచడం న్యాయం కాదు. ఈ కీబోర్డులో నిజంగా పాడయ్యేవి ప్లాస్టిక్ రివెట్లు. స్ప్రింగుల అరలున్న పలకను వెనక ఉక్కు రేకుతో కలిపి పట్టి ఉంచేవి అవే. ఏళ్లు గడిచేకొద్దీ అవి పెళుసుబారి ఒక్కొక్కటే ఊడతాయి. తమరిని విప్పినప్పుడు లోపల నాలుగైదు తలలు గలగలమంటూ రాలాయి. వాటిని కోసేసి, సన్నగా రంధ్రాలు వేసి, ఎం2 (2 మిల్లీమీటర్ల) బోల్టులు బిగించాలి. ఒక ఆదివారం పని, చిల్లర ఖర్చు. మళ్లీ దశాబ్దాల పాటు పనిచేస్తుంది. ఈ విషయం మా దృష్టిలో ఉంది. అయితే ఆ బోల్టులు లోపలుంటాయి, బయటికి కనిపించవు. కనుక వాయిదా వేశాం.

పై కారణాల వల్ల తమరిని తక్షణమే విధుల నుంచి తప్పించాలని నిర్ణయమైనది. అయితే కొత్త కేసు కొలతలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, దానికి చేతికి అలవాటైన కీబోర్డు కావాలి. అందువల్ల డిజైన్ ముగిసే దాకా తమరి సర్వీసు పొడిగించడమైనది. అదనపు భత్యం ఏమీ ఉండదు. రేపు ఉదయం తొమ్మిదింటికి యథాప్రకారం బల్ల మీద హాజరు కాగలరు. వచ్చేటప్పుడు ఆ నాలుగు స్క్రూలూ వెంట తెచ్చుకోగలరు.

ఇట్లు,
తమరి విధేయుడు,
డిజైన్ విభాగం (సభ్యుడు ఒక్కడే)