మరలో పట్టిన ప్రతి స్పార్క్ ప్లగ్గూ మీ బండిది కాదు

మా ఒడిశా పర్లాకిమిడి, దాని పక్క పాతపట్నం వైపు పాత బండి మొరాయిస్తే వైద్యం ఒక్కటే: "ప్లగ్ మార్చీండి." పొద్దున్న కిక్‌కి అందుకోలేదా, ప్లగ్. సంత సరుకు వేసుకుని ఘాటీ ఎక్కుతుంటే లాగట్లేదా, ప్లగ్. పెట్రోల్ ఎక్కువ తాగుతోందా, అదీ ప్లగ్గే. మెకానిక్ పాతది ఊడదీస్తాడు, కాలవలోకి విసిరేస్తాడు, కొత్తది బిగించి డబ్బు తీసుకుంటాడు. ఊడదీసినదాన్ని వెలుతురులో పెట్టి ఒక్కసారైనా చూడడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇంజన్ విప్పకుండా లోపల మంట ఎలా మండుతోందో చెప్పేది ఆ చిన్న పింగాణీ ముక్కే కదా! దాని మొన లేత గోధుమరంగులో పొడిగా ఉంటే మంట సరిగ్గానే ఉన్నట్టు. ఎలక్ట్రోడ్, అంటే స్పార్క్ పుట్టే లోహపు మొన, అరగకపోతే దాని ముందున్న గ్యాప్ సరిచూసి అదే మళ్లీ పెట్టుకోవచ్చు. పొడిమసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువై గాలి తక్కువైంది. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో పూడిపోయి ఉండొచ్చు, చోక్ పూర్తిగా వెనక్కి వెళ్లకపోయి ఉండొచ్చు. తడిగా జిడ్డోడుతుంటే ఫోర్ స్ట్రోక్‌లో పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో పోయి ఇంజన్ ఆయిల్ లోపలికి దిగుతోందని అనుమానించాలి. టూ స్ట్రోక్ అయితే ముందు పెట్రోల్‌లో కలిపే టూటీ ఆయిల్ ఎంత పోస్తున్నారో చూసుకోండి. తెల్లగా పాలిపోయి, ఎలక్ట్రోడ్ అంచులు కరిగినట్టుంటే మాత్రం నిజంగా భయపడాలి. ఇంజన్ అతిగా వేడెక్కుతోంది. అలాగే తోలుకుంటూ పోతే పిస్టన్‌కి చిల్లు పడుతుంది.

నల్లబడినదాన్ని పారేసి కొత్తది పెడితే బండి టక్కున అందుకుంటుంది, అదే అసలు చిక్కు. మెకానిక్ గొప్పోడైపోతాడు, మనం మురిసిపోతాం. ఫిల్టర్‌లో దుమ్ము ఫిల్టర్‌లోనే ఉంటుంది. కొన్నాళ్లకి కొత్తదీ నల్లబడుతుంది, "ఈ కంపెనీ ప్లగ్గులు బాగోవు" అని ఇంకో కంపెనీది కొంటాం.

కొనడం ఇంకో భాగోతం. కౌంటర్ మీద అట్టపెట్టె, అందులో అన్ని రకాలూ కలిపేసిన ప్లగ్గులు. కొట్టువాడు ఏ బండి అంటాడు, యమహా ఆర్‌ఎక్స్ అనగానే చెయ్యి పెట్టి ఒకటి తీస్తాడు. నంబర్ చూడు అంటే, "మర ఒకటే కదేటి బావూ, పట్టీద్ది" అంటాడు. పడుతుంది, ఎవరు కాదన్నారు? ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో బి7హెచ్‌ఎస్, బి7ఈఎస్ రెండిటికీ మర (త్రెడ్) వెడల్పు 14 మి.మీ., రెండిటికీ ఒకటే పానా. కానీ హెచ్ అంటే మర పొడవు 12.7 మి.మీ., ఈ అంటే 19. పొట్టిది పట్టాల్సిన హెడ్‌లో, అంటే సిలిండర్ పైమూతలో, పొడుగుది బిగిస్తే ఆరు మిల్లీమీటర్లు లోపలికి పొడుచుకొస్తుంది. పిస్టన్ పైకొచ్చి దాన్ని గుద్దితే ఆ ఖర్చు కొట్టువాడు పెట్టుకుంటాడా?

పేరు మధ్యలో ఉన్న ఆ 7 అంకె కూడా ఊరికే వేసింది కాదు. ప్లగ్ తన వేడిని ఎంత త్వరగా హెడ్‌కి వదిలేస్తుందో చెప్పే అంకె అది. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లన, అంటే వేడిని త్వరగా వదిలేస్తుంది. బాష్ కంపెనీ ప్లగ్గుల్లో సరిగ్గా తిరగేసి, అంకె పెరిగేకొద్దీ వేడి. "ఏడు ఉందా, ఏడు ఇచ్చీ" అని కంపెనీ చూడకుండా అడిగే మహానుభావుల్ని చూస్తున్నాను. పర్లాకిమిడి బజారులో తిరిగే బండికి తప్పు అంకె ప్లగ్ పడినా వెంటనే తెలియకపోవచ్చు. ఎండలో వెనక అనాసల బుట్టలు కట్టుకుని ఆర్.ఉదయగిరి కొండదారిలో సెకండ్ గేరులో ఏడ్చే బండికి తెలుస్తుంది. మా దగ్గర ఒడిశా పాత రిజిస్ట్రేషన్ ఓఆర్ 20 నంబర్ల బండ్లు, అంటే 2012 ముందువి, ఇంకా ఆ పనే చేస్తున్నాయి మరి.

బిగించడం చూస్తే ఇంకా కడుపు మండుతుంది. ఇంజన్ కాలుతుండగానే పానా వేస్తారు. ప్లగ్ చుట్టూ ఉన్న ఇసక ఊదరు, ప్లగ్ తియ్యగానే అది సిలిండర్లోకి రాలుతుంది. ఇంజన్ చల్లారాక, చుట్టూ గాలి కొట్టి, ప్లగ్‌ని మొదటినుంచీ చేత్తోనే తిప్పాలి. అడ్డంగా పడితే వేళ్లకే తెలిసిపోతుంది. వాషర్ ఆనాక కొత్తదానికి పానాతో అరచుట్టు చాలు, పాతదే మళ్లీ పెడుతుంటే అంతకన్నా బాగా తక్కువ. హెడ్ అల్యూమినియం, ప్లగ్ ఉక్కు. కాలుతో తొక్కి బిగిస్తే పోయేది హెడ్‌లో ఉన్న మరే. స్ప్లెండర్ లాంటివాటిలో మర 10 మి.మీ.దే, ఇంకా సున్నితం. ఆ తర్వాత లేత్ షాపు, పోయిన మరకి బదులు బుష్ వేయించడం, మన బతుకు.

ఇంకోటి. ఎమరీ పేపర్‌తో రుద్దడం, పెట్రోల్ పోసి తగలబెట్టడం. మసి పోయినట్టే ఉంటుంది. పింగాణీ మీద గీతలు పడతాయి, వాటిల్లో మసి ఇంకా తొందరగా పడుతుంది. వానాకాలం బండి స్టార్టవ్వకపోతే అసలు ప్లగ్ దాకా పోకుండా ముందు రబ్బరు క్యాప్ లాగి చూడండి. లోపల నీళ్లుంటే గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. దానికి ఎవడికీ డబ్బులివ్వక్కర్లేదు.

ఇరిడియం మొన ప్లగ్ వేస్తే బండి ఎగురుతుందనే కుర్రాళ్లు కింద కామెంట్లలోకి ఎలాగూ వస్తారు. అది ఎక్కువకాలం మన్నుతుంది, దాని సన్నటి మొనకి తక్కువ వోల్టేజీకే స్పార్క్ వస్తుంది, ఒప్పుకుంటాను. రింగులు పోయి ఆయిల్ తాగుతున్న బండిలో అదీ నల్లబడుతుంది, కాకపోతే ఎక్కువ ఖర్చుతో నల్లబడుతుంది. ముందు మీ బండిలో ఉన్న ప్లగ్ తీసి ఫోటో పెట్టండి తమ్ముళ్లూ, రంగు చూసి మాట్లాడుకుందాం.