తోడల్లుళ్ళు, పాస్ట్రామీ, ఇడ్లీ పాత్ర

మా బావలిద్దరికీ రాజకీయాల్లో గొడవ లేదు, ఆస్తుల దగ్గర అసలే లేదు, ఉన్నదల్లా గొడ్డు మాంసాన్ని ఎలా ఊరబెట్టాలన్న దగ్గరే. పెద్ద బావ చాలా ఏళ్ళు న్యూయార్క్‌లో ఉండి వచ్చాడు కాబట్టి అక్కడి ఊరబెట్టిన మాంసం, పాస్ట్రామీ పార్టీ. చిన్న బావది మాంట్రియల్ కాపురం, అక్కడి స్మోక్డ్ మీట్ తప్ప మిగతాదంతా ఆయన లెక్కలో ఉత్త ఉడకబెట్టిన మాంసం.

నిజానికి రెండూ దగ్గర చుట్టాలే. తూర్పు యూరప్ నుంచి, ముఖ్యంగా రొమేనియా నుంచి వలస వచ్చిన యూదులు ఆ రుచిని రెండు ఊళ్ళకీ తెచ్చారు. రెండిటికీ మిరియాలు, ధనియాలు, వెల్లుల్లి పట్టించాల్సిందే, పొగబెట్టాల్సిందే, ఆపైన ఆవిరి మీద మగ్గనిచ్చి రై బ్రెడ్‌లో ఆవాల ముద్దతో తినాల్సిందే. తేడా ఎక్కడంటే, పాస్ట్రామీకి పాత పద్ధతిలో పొట్ట వైపు కొవ్వు ముక్క తీసుకుని, కాస్త చక్కెర కూడా వేసిన ఉప్పునీళ్ళలో నానబెడతారు. మాంట్రియల్‌లోనేమో బ్రిస్కెట్, అంటే రొమ్ము భాగం, దానికి పొడి ఉప్పూ మసాలా రుద్ది రోజుల తరబడి వదిలేస్తారు, తీపి తక్కువ, మిరియాల ఘాటు ఎక్కువ. నన్నడిగితే మా నాయనమ్మ దండెం మీద ఎండబెట్టిన తునకల ముందు రెండూ దిగదుడుపే, కానీ నన్నెవరడిగారు.

మొన్న అందరూ టొరంటోలో మా ఇంట్లో దిగారు. చిన్న బావ ఐదొందల కిలోమీటర్లకు పైగా కారు నడిపి ఐస్ డబ్బాలో ఆయన ముక్క తెచ్చాడు, పెద్ద బావ ఇక్కడే ఓ షాపులో న్యూయార్క్ రకం కొనుక్కొచ్చాడు. రెండిటినీ ఒకేసారి ఆవిరికి పెట్టాలి, ఇంట్లో అంత పెద్దది పెద్దక్క ఇడ్లీ పాత్ర ఒక్కటే. అక్క అలవాటు ప్రకారం అడుగు నీళ్ళలో రూపాయి బిళ్ళ వేసి బయటికెళ్ళింది. నీళ్ళున్నంతసేపూ అది టకటకలాడుతుంది, ఆగిందంటే నీళ్ళు పోయాలి, ఇది మనవాళ్ళలో ఎవరికి తెలియదు?

"మాంట్రియల్‌లో 1928 నుంచీ ఒకే షాపు ముందు జనం క్యూ కడుతున్నారన్నయ్యా" అని చిన్న బావ.

"మా న్యూయార్క్‌లో 1888 నాటి షాపుంది, కూర్చో తమ్ముడూ" అని పెద్ద బావ.

ఇంతలో టకటక ఆగింది. "హమ్మయ్య, ఇప్పుడు ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చు" అన్నాడు పెద్ద బావ, నిజంగా ఆ మాటే అన్నాడు. కాసేపటికి కమ్మటి పొగ వాసన. చిన్న బావ కళ్ళు మూసుకుని "చూశారా, అదీ స్మోక్ అంటే" అన్నాడు. అది తన పాస్ట్రామీదని పెద్ద బావ. ఎవరి పొగ అన్నది తేలేలోపు అలారం మోగింది.

పై పళ్ళెంలోది బతికింది, కింది ముక్క బొగ్గయింది. అసలే రెండిటికీ మిరియాల నల్ల పొర, అందుకని పైదేమో ఇద్దరిదీ, కిందది ఎవరిదీ కాదు. అక్క తిరిగొచ్చి అడుగుకి అతుక్కుపోయిన బిళ్ళని చూసింది, ఇద్దరినీ చూసింది, "గిన్నె తోమితేనే అన్నం" అంది.

పెద్ద బావేమో రాత్రంతా ఉప్పునీళ్ళలో నానబెట్టాలంటాడు. చిన్న బావేమో నీళ్ళెందుకు, పొడి ఉప్పేసి రుద్దితే చాలంటాడు.